ఇంటర్వెల్ తర్వాతి హాలీవుడ్

ఇంగ్లీషు సినిమాల గురించి నేను ఒక దినపత్రికలో ఏడేళ్లు రాశాను. ఆ ఏడేళ్లలో ఒక్క సినిమా కూడా ఇంటర్వెల్ తర్వాత చూడలేదు. ఈ సంగతి తెలియకుండానే మా ఎడిటర్ రిటైరయ్యారు. పాఠకులకు ఇప్పుడు చెబుతున్నాను.

డెబ్భైల మొదట్లో నేను సబ్ ఎడిటర్‌ని. అరవైల్లో తీసిన హాలీవుడ్ సినిమాలు మా సికింద్రాబాద్‌కి తీరిగ్గా, నాలుగైదేళ్లు ఆలస్యంగా, ఒళ్లంతా గీతలు పడ్డ ప్రింట్లతో వచ్చేవి. టాకీస్ వాళ్లు శనివారం మ్యాట్నీకి పత్రిక పేరిట రెండు పాసులు పంపేవారు. సమీక్ష రాసే పని నాకు అప్పగించింది నా ఇంగ్లీషు చూసి కాదు. నాకు కొత్తగా పెళ్లయింది, రెండు పాసులూ వృథా కావని. మ్యాట్నీ రెండున్నరకు. ముందు న్యూస్ రీలు, సబ్బుల ప్రకటనలు, తర్వాత అసలు బొమ్మ. ఇంటర్వెల్ గంట కొట్టేసరికి నాలుగయ్యేది. నాలుగున్నరకు నా షిఫ్టు. చేతిలో పల్లీల పొట్లంతో సైకిల్ స్టాండుకు పరిగెత్తేవాణ్ని.

మా ఆవిడ గుంటూరు వైపు అమ్మాయి. ఇక్కడి మిషన్ స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. రెజిమెంటల్ బజార్‌లో మా ఇల్లు రెండు గదులు, మనుషులం ఏడుగురం. నేను లేచి వెళ్లాక మిగతా సగం ఆమె చూసేది. ఆదివారం ఉదయం ఇద్దరం చర్చికి నడిచి వెళ్తూ ఉంటే, "తర్వాత ఏమైంది?" అని అడిగేవాణ్ని. చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి కథ ముగిసేది. మధ్యాహ్నం భోజనం చేసి, రెండు సగాలూ అతికించి సమీక్ష రాసేవాణ్ని. నాకు ఆ అమెరికన్ల మాట సగం అర్థమయ్యేది కాదు కాబట్టి, నేను చూసిన సగం కంటే ఆమె చెప్పిన సగమే నాకు స్పష్టంగా ఉండేది.

నాలుగేళ్లు గడిచాక ఆ సినిమాల్లో నాకో విశేషం కనిపించింది. చాలా వాటికి ముగింపు రైల్వే స్టేషన్‌లో! ముసలి షెరీఫ్ తన సామానంతా కూలీకి ఇచ్చేసి వట్టి చేతులతో రైలెక్కుతాడు. హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసే పిల్ల, ప్రేమించినవాణ్ని వద్దనుకుని, ఇంకో ఊళ్లో వచ్చిన ఉద్యోగానికి నవ్వుతూ బయల్దేరుతుంది. కేసు గెలిచిన లాయరు, ఓడిపోయిన లాయరు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే రైలు కోసం ఎదురుచూస్తారు. ఇదంతా పోగేసి ఆదివారం అనుబంధంలో పెద్ద వ్యాసం రాశాను. పేరు 'రైలు వెళ్లిపోయాక'. అంత పెద్ద దేశంలో మనుషులు ఒకచోట నిలవరు కాబట్టి, వాళ్ల కథలన్నీ ప్లాట్‌ఫారం మీదే తేలతాయని తేల్చాను. ఉత్తరాలు వచ్చాయి. ఒక కాలేజీలో లెక్చరరు దాన్ని క్లాసులో చదివి వినిపించారని తెలిసి ఆ రోజు ఆఫీసులో అందరికీ చాయ్ పోయించాను.

ఒకే ఒక్క కార్డు వేరుగా ఉంది. బొల్లారం నుంచి ఎవరో పాఠకుడు, 'నేను చూసినప్పుడు ఆ షెరీఫ్ సినిమాలో రైలు లేదు' అని రాశారు. 'మరోసారి శ్రద్ధగా చూడగలరు' అని జవాబు ఇచ్చాను. అదీ అచ్చులో.

ఈ ఏడాది మొదట్లో ఒక చిన్న ప్రచురణ సంస్థ నడిపే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు మేం పద్మారావు నగర్‌లో ఉంటున్నాం. ఆ పాత సమీక్షల్లో ఓ పాతిక ఏరి పుస్తకం వేస్తానంది. "ఒక్కో సినిమా మళ్లీ చూసి, ఇప్పుడు ఏమనిపిస్తోందో కింద ఒక పేజీ రాయాలి సార్. పుస్తకానికి పేరు 'రైలు వెళ్లిపోయాక'. అది మా నాన్న కత్తిరించి దాచుకున్న వ్యాసం" అంది. నా వయసులో ఇంకో పుస్తకం వస్తుందని అనుకోలేదు. ఈ పుస్తకం రావాలని నాకెంత కోరికగా ఉందో ఆ అమ్మాయి ముందు చూపించకుండా ఉండడానికి, చాయ్ కప్పు కడగడానికి నేనే లేచాను.

అలా యాభై ఏళ్ల తర్వాత ఆ సినిమాలు మా హాల్లో గోడ మీది టీవీలోకి వచ్చాయి. గీతలు లేవు. ఎడారి ఇంత ఎర్రగా ఉంటుందని, ఒక కథానాయిక కళ్లు ఆకుపచ్చవని నాకు ఇప్పుడే తెలిసింది. కింద అక్షరాలు పడుతుంటే ప్రతి మాటా అర్థమవుతోంది. అర్థమయ్యాక కొన్ని బరువు తగ్గాయి. గంభీరమని నేను పొగిడిన లాయరు ఉపన్యాసంలో పెద్ద విషయమేమీ లేదు. గొంతు మాత్రం బాగుంది. ఒక సినిమాలో భారతీయ మహారాజు పాత్ర ఉంది. ముఖానికి గోధుమరంగు పూసుకున్న తెల్లవాడు వేశాడు. చెవుల వెనక రంగు పూయడం మరిచారు. అప్పట్లో దాన్ని 'హుందా అయిన నటన' అన్నాను. ఆడమనిషిని చెంపదెబ్బ కొట్టి, మరుక్షణం ముద్దుపెట్టుకుంటే హాలంతా ఈలలు వేసిన దృశ్యం ఒకటి ఉంది. ఇప్పుడు మా ఆవిడ పక్కన కూర్చుని అది చూడలేక రిమోట్ కోసం వెతుక్కున్నాను.

మరోపక్క, తేలిగ్గా తీసిపారేసిన కామెడీలు మెరిశాయి. ఆ టెలిఫోన్ ఆపరేటర్ సినిమానే తీసుకోండి. మొదటి గంటలో ఆ పిల్ల ఒక్కో గదికి ఫోను కలుపుతూ, గొంతును బట్టి మనుషుల్ని కనిపెట్టే తీరు చూసి ఇప్పుడు పడీ పడీ నవ్వాను. అప్పుడు ఎందుకు నవ్వలేదో తెలియదు. బహుశా గడియారం చూసుకుంటూ ఉండి ఉంటాను.

చిక్కు ముగింపుల దగ్గర వచ్చింది. షెరీఫ్ ఎడారిలో చచ్చిపోయాడు. లాయర్లిద్దరూ కోర్టు మెట్ల మీద మాట్లాడుకోకుండా విడిపోయారు. టెలిఫోన్ పిల్ల ఉద్యోగం మానేసి, హోటల్ యజమాని కొడుకుని పెళ్లాడి, ఏప్రన్ కట్టుకుని కేకు పట్టుకొచ్చింది. పదకొండు సినిమాలు చూశాను. ఒక్కదాంట్లోనూ చివర రైలు లేదు, స్టేషన్ లేదు, దూరంగా ఒక కూత కూడా లేదు.

"నీకు గుర్తుందా, షెరీఫ్ సామాను కూలీకి ఇచ్చేస్తాడు?" అని మా ఆవిడని అడిగాను.

ఆమె మెంతికూర ఒలుస్తోంది. "అప్పటి సంగతి ఇప్పుడెక్కడ గుర్తుంటుందండీ" అంది, తల ఎత్తకుండా. ఇంతవరకు చూసిన పదకొండు సినిమాల్లోనూ సగానికి వచ్చేసరికి ఆమె ఏదో పని మీద లేచి వెళ్లిందన్న సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు.

విలేకరి బుద్ధి వేరే దిక్కు పరిగెత్తింది. విదేశాలకు పంపే ప్రింట్లకు ముగింపులు మార్చి తీసేవారని ఎప్పుడో విన్నాను. అయితే మన దేశానికి వచ్చిన ప్రింట్లు వేరన్నమాట! అమెరికాలో ఎవరూ చూడని ముగింపులు సికింద్రాబాద్ చూసింది! పాత రోజుల్లో చేతికి ఏదైనా కొత్త వార్త తగిలితే అరిచేతులు వేడెక్కేవి. అవి మళ్లీ వేడెక్కాయి. ముందుమాట రెండు పేజీలు రాసేశాను. ఫోన్‌లో వినిపిస్తే ప్రచురణ అమ్మాయి, "సార్, ఇది అట్ట మీదే వేద్దాం" అంది.

కానీ మాకు మొదట్లో డెస్కు మీద నేర్పిన పాఠం ఒకటుంది. ఒక్కరి మాట మీద అచ్చు వేయకు, రెండో మనిషిని అడుగు. రెండో మనిషి ఎవరు? ఆ టాకీస్‌లో ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్. టాకీస్ పోయి చాలా కాలమైంది కానీ ఆయన ఉన్నాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఏ.ఎస్. రావు నగర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఒక ఉదయం వెతుక్కుంటూ వెళ్లాను.

"ఏంది సార్, గిన్ని ఏండ్లకు యాదికొచ్చిన్నా?" అంటూ కుర్చీ లాగాడు. చూపు బాగానే ఉంది, చెవులే కొంచెం మందం.

నా ముందుమాట సారాంశం గట్టిగా చెప్పాను. ఆయన విన్నకొద్దీ కనుబొమ్మలు పైకి పోయాయి.

"రైలా? గా పిక్చర్ల గుర్రాలు తప్ప రైలెక్కడిది సార్? ఆఖరుకు ముసలోడు ఇసుకల పడి పాణమిడుస్తడు."

"అది ఇప్పటి ప్రింటులో. అప్పుడు మనకు వచ్చింది వేరే ప్రింటేమోనని..."

"వేరే లేదు గీరే లేదు. నేను వారమంత, దినానికి మూడాటలు నడిపిచ్చిన. ఒక్కో పిక్చర్ ఇరవై సార్లు చూసిన. మీరెన్నిసార్లు చూసిన్రు?"

"అర" అన్నాను.

ఆయన తొడ మీద చరుచుకుని నవ్వాడు. లోపల్నుంచి కూతురు చాయ్ తెస్తూ, "నాయినా, జెర మెల్లగ! దగ్గొస్తది" అని కేకేసింది.

"నాకెర్కే సార్. ఇంటర్వెల్ల బీడీ తాగనీకి క్యాబిన్ మెట్ల మీద నిలవడుతుంటి. మీరు సైకిల్ ఏస్కొని గీ గేటుకెల్లి పోతుంటిరి. అమ్మ గా గేటుకెల్లి పోతుండె."

"ఏ గేటు?"

"స్టేషన్ దిక్కు గేటు."

"నీళ్లకో, దేనికో వెళ్లి వచ్చేదేమో."

"వాపస్ వచ్చుడు నేనైతే ఒక్కనాడు సుత చూడలే. మీరిద్దరు కొట్లాడుకుంటున్నరనుకున్న సార్. వస్తప్పుడు గింత మంచిగ మాట్లాడుకుంట వస్తరు, ఇంటర్వెల్ కాంగనే చెరో దిక్కు! ప్రతి శనివారం గిదేం లడాయి అని ఏడేండ్లు పరేషాన్ అయిన. ఇప్పుడన్న మంచిగున్నరా?"

"బాగానే ఉన్నాం" అన్నాను. చాయ్ చల్లారిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క సరిచూసుకున్నాను. ఆమె చూడలేదు. నేను చూడలేదు. ఏడేళ్ల పాటు మా పత్రిక పాఠకులు చదివిన రెండో సగాలు ఎవరూ చూడనివి. నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే ఒక్క వ్యాసం గాలిలో కట్టిన స్టేషన్. పుస్తకం అట్ట మీదకు ఎక్కబోతున్నది అదే. బొల్లారం పాఠకుడి కార్డు చేతిరాత కూడా కళ్లముందు కదిలింది. వంకర లేని, ఓపికైన చేతిరాత.

ఇంటికి వచ్చేసరికి ఆమె బట్టలు మడతపెడుతోంది.

"ఆపరేటర్ని కలిశాను."

"అవునా! బాగున్నాడా?"

"బాగున్నాడు. నిన్ను అడిగాడు. స్టేషన్ దిక్కు గేటు గుర్తుందన్నాడు."

తువ్వాలు మడత సగంలో ఆగింది. ఆమె నా మొహం చూసింది, ఆ తువ్వాలే మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని కంగారుపడి దగ్గరికి వెళ్లాను. భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"ఎన్నాళ్లకి పట్టుకున్నారండీ! ఏం విలేకరి మీరు? ఇంట్లో ఉన్న వార్తకి యాభై ఏళ్లా?"

"నవ్వకు. అసలేం జరిగింది?"

తువ్వాలు పక్కన పెట్టి చెప్పింది. మొదటి శనివారం నేను లేవగానే నా సీట్లోకి ఎవడో వచ్చి కూర్చున్నాడు. ఆమెకు ఇబ్బందిగా అనిపించి బయటికి వచ్చేసింది. "ఇంటికెళ్తే అత్తయ్య 'అప్పుడే అయిపోయిందా' అంటారు. మీతో చెబితే ఇక తీసుకెళ్లడం మానేస్తారు. ఎక్కడికెళ్లను? స్టేషన్‌కెళ్లి ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని కూర్చున్నా. రైలు కోసం కూర్చున్న ఆడదాన్ని ఎవరూ వింతగా చూడరు కదా."

"మరి తర్వాతి వారం?"

"తర్వాతి వారం పక్కన ఎవరూ కూర్చోలేదు. అయినా లేచాను." కాసేపు చేతిలోని దిండు గలీబు సరిచేసింది. "బాగుందండీ అక్కడ. ఇంట్లో ఏడుగురు, స్కూల్లో క్లాసుకి యాభై మంది, అందరికీ నాతో పనే. అక్కడ గంటసేపు నన్నెవరూ ఏమీ అడగరు. ఆ గంట పోతుందనే మీకు చెప్పలేదు."

"మరి కథలు?"

"మీరు పొద్దున్నే 'తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది' అని అంత ఆశగా అడిగితే ఏం చేయను? ప్లాట్‌ఫారం మీద చూసినవాళ్ల కథే చెప్పేదాన్ని. పేర్లు మాత్రం ఇంగ్లీషువి."

"చర్చికి వెళ్తూ వెళ్తూ అబద్ధాలా?"

"వెళ్తూ కాబట్టే చెప్పాను. లోపలికెళ్లగానే పాపాల ఒప్పుకోలు ఉంటుంది, అక్కడికక్కడే తీరిపోతుంది. తిరిగొస్తూ చెబితే వారమంతా మోయాలి."

ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం కానీ, ముందుగా ఆమే ఆగింది. "ఇప్పుడు మీ పుస్తకం ఆగిపోతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో నవ్వు లేదు. 'రైలు వెళ్లిపోయాక' వచ్చిన ఆదివారం ఆమెకు నేను పెద్ద గొంతుతో చదివి వినిపించిన సంగతి గుర్తొచ్చింది. ఎంత బెదిరిపోయి విన్నదో!

"చూద్దాం" అన్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం టెలిఫోన్ పిల్ల సినిమా మళ్లీ పెట్టాను. ఈసారి ఇద్దరం చివరిదాకా చూడాలని ఒప్పందం. టీవీలో ఇంటర్వెల్ ఉండదు. అయినా ఆ పిల్ల రాత్రి డ్యూటీకి హెడ్‌ఫోన్లు తగిలించుకునే చోటికి రాగానే నా కాళ్లు వాటంతటవే కదిలాయి. ఆ దృశ్యం దగ్గరే యాభై ఏళ్ల కింద నేను లేచాను. పక్కకు చూస్తే ఆమె అప్పటికే నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"అలవాటండీ. ఊరికే..."

బొమ్మ ఆపేశాను. "పద. ఈసారి నేను ఆఫీసుకు వెళ్లడం లేదు."

ఆటోలో స్టేషన్‌కి వెళ్లాం. స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు. ఎక్కడ చూసినా రేకులు, దుమ్ము. ఆమె మాత్రం తడుముకోలేదు. రెండు ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకుని ముందు నడిచింది. పాత బెంచీ లేదు. దాని చోటు ఆమెకు తెలుసు. దగ్గర్లో ఉన్న ఇనుప కుర్చీలో కూర్చున్నాం.

"అదిగో, మీ షెరీఫ్ అక్కడే ఎక్కాడు" అంది. మిలిటరీ నుంచి రిటైరై సొంతూరికి వెళ్తున్న సుబేదారట. రైలు కదిలే ముందు ట్రంకు పెట్టె కూలీకి ఇచ్చేసి, నీదే, ఉంచుకో అన్నాడట. టెలిఫోన్ పిల్ల ఒక నర్సమ్మ. మొదటి ఉద్యోగానికి వెళ్తోంది. సాగనంపడానికి వచ్చిన పదిమందీ ఏడుస్తుంటే ఆ పిల్ల ఒక్కతే నవ్వు ఆపుకోలేకపోయిందట. "నా వయసే. ఆ వారం నాకు అంత సంతోషంగా ఎందుకుందో మీకు చెప్పలేక, సినిమా బాగుంది అన్నాను."

ఆ వారం నేను రాసింది నాకు కంఠతా వచ్చు. 'ఈ దర్శకుడికి ఆడదాని ముఖంలో స్వేచ్ఛను చూపే ధైర్యం ఉంది.' ఆ దర్శకుడు సినిమా చివర ఆ పిల్లకు ఏప్రన్ కట్టించాడని నాకు అప్పుడు తెలియదు.

ఒక రైలు వచ్చి, జనాన్ని దింపి, ఎక్కించుకుని వెళ్లింది. ఒకాయన రెండు పెద్ద ప్రెషర్ కుక్కర్లు చంకల్లో పెట్టుకుని చివరి నిమిషంలో పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. ఆయనెవరో, ఆ కుక్కర్లు ఎవరికో ఆమె నాకు చెప్పింది. చాలాసేపు చెప్పింది. గడియారం చూసుకోకుండా విన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చి మిగతా సగం చూశాం. అరవైల హాలీవుడ్ సినిమాకి ఆమె చూసిన మొదటి ముగింపు అది. కేకు వచ్చింది. ఏప్రన్ వచ్చింది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"ఇంతేనా?" అంది మా ఆవిడ. "దీనికోసమా నేను అన్నేళ్లు దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను?"

మర్నాడు ప్రచురణ అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అవతల ముక్కు చీదుతున్నట్టు చప్పుడు. నవ్వో ఏడుపో తెలియలేదు. "సార్, వ్యాసం తీసేయొద్దు. మా నాన్న దాచుకున్న వ్యాసం అది. ఎలా ఉందో అలాగే వేద్దాం, కింద ఏం రాస్తారో మీరు రాయండి" అంది.

దినపత్రికలో తప్పు దొర్లితే మర్నాడు చిన్న అక్షరాల్లో సవరణ వేస్తాం. నేను వేలకొద్దీ సవరణలు రాశాను. ఇది ఆలస్యంగా రాస్తున్నది. ముందు బొల్లారం పాఠకుడికి క్షమాపణ రాశాను, ఆయన ఎక్కడ ఉన్నా. తర్వాత ఇలా రాశాను: 'పై వ్యాసంలో మొదటి సగాలు సినిమాలవి, ముగింపులన్నీ మా ఆవిడవి. హాలీవుడ్ అని ఉన్న చోటల్లా సికింద్రాబాద్ అని చదువుకోవలసిందిగా మనవి.'

కాగితం ఆమెకు ఇచ్చాను. ముప్పై ఏళ్లు కాంపోజిషన్ నోటుబుక్కులు దిద్దిన చేయి కదా, ఎర్ర పెన్ను కోసం డ్రాయరు వెతికింది. రెండుసార్లు చదివి, సికింద్రాబాద్ పక్కన ఒక మాట చేర్చి తిరిగి ఇచ్చింది.

'ఒకటో నంబరు ప్లాట్‌ఫారం.'